చేసిన మేలును పేరు పెట్టి తలచుకోవడం: ఇంట్లోనూ ఉద్యోగంలోనూ కృతజ్ఞతను అలవాటు చేసుకునే పద్ధతి

గోదావరి జిల్లాల్లో పుట్టి పెరిగినవారికి కాటన్ దొర విగ్రహం కొత్త కాదు. కాలవ గట్ల మీద, లాకుల దగ్గర, ఊరి కూడళ్లలో అది కనబడుతూనే ఉంటుంది. 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలుపెట్టి 1852 నాటికి గోదావరిపై ఆనకట్ట పూర్తి చేయించిన ఇంజనీరు సర్ ఆర్థర్ కాటన్. 1830లలో కరవు, ఉప్పెన ఒకదాని వెనక ఒకటి వచ్చి ప్రాంతాన్ని చితికిపోయేలా చేసిన తరువాత, ఇక్కడి వరిచేలకు నమ్మకంగా నీరందించిన కట్టడం అది. ఆ మేలును తలచుకుంటూ మా వైపు పండితులు సంస్కృతంలో ఒక శ్లోకం కట్టి చెప్పుకొనేవారు. నిత్యం గోదావరీ స్నానపుణ్యాన్ని మాకు దక్కించిన మహామతి, ఆంగ్లదేశీయుడు అయిన కాటన్ అనే భగీరథుణ్ణి స్మరిస్తున్నాను అని దాని భావం. ఆయన పరాయి ప్రభుత్వపు ఉద్యోగి అన్న సంగతి గానీ, వేరే మతస్థుడన్న సంగతి గానీ వారికి అడ్డు రాలేదు.

ఆ శ్లోకంలో చేసినవారి పేరు ఉంది, వారు చేసిన పని ఉంది, ఆ పనివల్ల చెప్పుకొనేవారికి దక్కిన ఫలం ఉంది. కృతజ్ఞతను సాధన చేయదలచినవారికి ఇంతకంటే మంచి నమూనా నాకు దొరకలేదు. అసలు ఆ మాటలోనే ఈ అర్థం ఉంది. కృతం అంటే చేసినది, జ్ఞ అంటే ఎరిగిన అని. తనకోసం ఎవరు ఏమి చేశారో ఎరిగి ఉన్నవాడే కృతజ్ఞుడు. గుండె నిండిపోవడం, కళ్లు చెమర్చడం ఆ మాటలో భాగాలు కావు. అవి వస్తే వస్తాయి, రాకపోయినా తప్పేమీ లేదు. ఎరుక మాత్రం మన చేతిలో ఉన్నది, దానిని రోజూ కొంత కొంత పెంచుకోవచ్చు. ముప్పై ఏళ్లకు పైగా బ్యాంకు ఉద్యోగం చేసి, అందులో సగానికి సగం ఈ ఎరుక లేకుండానే గడిపి, ఆ తరువాత నేర్చుకున్నదానిని ఇక్కడ పద్ధతిగా రాస్తున్నాను.

ప్రయోజనం ఎంత, ఎంతవరకు

ఈ అలవాటు మంచిదని పెద్దలు చెప్పడం ఎప్పటినుంచో ఉన్నదే అయినా, దానిని కొలిచి చూసే ప్రయత్నం ఇటీవలి కాలానిది. అమెరికాలో రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెక్‌కల్లా 2003లో ప్రచురించిన పరిశోధనలో కొందరు విద్యార్థులను ఆ వారంలో తమకు జరిగిన మేళ్లు ఐదింటి వరకు రాయమన్నారు. మరికొందరిని ఆ వారపు చికాకులు రాయమన్నారు. ఇంకొందరిని మంచీ చెడూ అనకుండా జరిగిన సంఘటనలు రాయమన్నారు. పది వారాలు ఇలా సాగిన తరువాత చూస్తే, మేళ్లు రాసినవారు తమ బ్రతుకు మీద ఎక్కువ తృప్తి కనబరిచారు, రాబోయే వారం గురించి ఎక్కువ ఆశతో ఉన్నారు, ఒంటి నలతల గురించి తక్కువగా చెప్పారు, వ్యాయామానికి ఎక్కువ సమయం కేటాయించారు. 2005లో మార్టిన్ సెలిగ్మన్ బృందం చేసిన పరీక్షలో, ఒక వారం పాటు రోజూ రాత్రి ఆ రోజు జరిగిన మూడు మంచి సంగతులను, అవి ఎందువల్ల జరిగాయో కలిపి రాసినవారిలో సంతోషం పెరిగింది, దిగులు తగ్గింది, ఆ మార్పు ఆరు నెలల దాకా నిలిచింది. వారం గడిచాక కూడా తమంతట తాముగా రాయడం కొనసాగించినవారిలో అది మరింత స్పష్టంగా కనిపించింది.

ఉద్యోగాలకు సంబంధించి నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది 2015లో వెలువడిన హాంకాంగ్ అధ్యయనం. అక్కడి ప్రభుత్వ ఆసుపత్రుల్లో పనిచేసే వైద్య సిబ్బంది కొందరు నాలుగు వారాల పాటు, వారానికి రెండుసార్లు, పనిలో తమకు ఎవరివల్ల ఏ మేలు జరిగిందో రాసుకున్నారు. వారిలో ఒత్తిడి, దిగులు తగ్గాయి. మూడు నెలల తరువాత చూసినప్పుడు కూడా ఆ తేడా కనిపించింది. రాత్రి డ్యూటీలు మారలేదు, రోగుల సంఖ్య మారలేదు, వారు చూసే చూపు మాత్రం కొంత మారింది.

దీనిని అన్ని రోగాలకూ మందుగా చెప్పేవారిని మాత్రం నమ్మవద్దని నా మనవి. ఇటువంటి అధ్యయనాలను పెద్ద సంఖ్యలో కలిపి 2021లో చేసిన సమీక్ష, కుంగుబాటు మీద, ఆందోళన మీద ఈ సాధనల ప్రభావం స్వల్పమేనని తేల్చింది. నిద్ర పట్టక, తిండి సయించక, బ్రతుకు మీద ఆశ పోయి ఉన్న మనిషికి నోటుపుస్తకం ఇచ్చి మేళ్లు రాయమనడం క్రూరత్వం. వారికి వైద్యుడు కావాలి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలీమానస్ సేవకు 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈ వ్యాసం ఆ స్థితిలో లేని మనకోసం, అంటే రోజులు బాగానే గడుస్తున్నా ఏదీ ఒంటబట్టకుండా జారిపోతున్నవారికోసం.

రాత్రి రాసుకునే నాలుగు వాక్యాలు

సాధన మొదలుపెట్టడానికి రాతే మంచి మార్గం. మనసులో అనుకుంటే చాలదా అని చాలామంది అడుగుతారు. చాలదని నా అనుభవం. మనసులో అనుకున్నప్పుడు మేలు మబ్బులాగా ఉంటుంది, కాగితం మీద పెట్టబోతే ఎవరు, ఏమిటి, ఎప్పుడు అని కలం అడుగుతుంది. పిల్లల బడి నోటుపుస్తకాల్లో సగం రాసి వదిలేసినది ఒకటి తీసుకోండి, అందమైన డైరీ కొనవద్దు. అందమైన పుస్తకంలో అందంగా రాయాలనిపిస్తుంది, ఆ బరువుకు నాలుగో రోజుకే చేయి ఆగిపోతుంది. భోజనాలు అయి, గిన్నెలు సర్ది, పడుకోబోయే ముందు పది నిమిషాలు కూర్చోండి. ఫోను పక్క గదిలో ఉంటే మేలు.

ఏమి రాయాలన్న దగ్గరే అందరూ తప్పుతారు. నేనూ తప్పాను. మొదటి వారం నా పుస్తకంలో ఆరోగ్యం, కుటుంబం, ఉద్యోగం అని వరుసగా ఏడు రోజులూ రాసి ఉంది. అది హాజరుపట్టీ వేసినట్టు ఉంది తప్ప, అందులో ఎవరి ముఖమూ లేదు. రెండో వారంలో ఒకరోజు ఇలా రాశాను: మధ్యాహ్నం వాన పడబోతుంటే ఎదురింటి పిన్నిగారు మా మేడ ఎక్కి, ఆరబెట్టిన గుమ్మడి వడియాలను చీరతో సహా చుట్టి మా వరండాలో పెట్టి వెళ్లారు, ఆవిడకు మోకాళ్ల నొప్పులు, మా మేడమెట్లు పద్దెనిమిది. ఆ వాక్యం రాస్తూ మెట్లు లెక్కపెట్టుకున్నాను. అంతకు ముందు నేను వాటిని లెక్కపెట్టింది లేదు. ఆవిడ ఒక్కొక్క మెట్టు మీద చేయి ఆనించుకుంటూ ఎక్కడం, వడియాలు విరగకుండా చీర నాలుగు కొసలూ పట్టుకుని దిగడం అప్పుడే నా కళ్లకు కట్టింది. మరుసటి రోజు ఆవిడకు ఆ వడియాలే ఒక డబ్బా ఇచ్చి, మెట్ల సంగతి ఎత్తితే, వాన వస్తుంటే చూస్తూ ఎలా కూర్చుంటామమ్మా అని మా ఆవిడతో అన్నారు.

కాబట్టి రాసే ప్రతి వాక్యంలోనూ ఒక మనిషి ఉండేలా చూసుకోండి, వారు చేసిన పని ఉండేలా చూసుకోండి, ఆ పని చేయడానికి వారికి ఏమి ఖర్చయిందో కూడా రాయండి. ఖర్చు అంటే డబ్బే కానక్కరలేదు. సమయం, ఓపిక, నడక, ఒక మాట పడడం, తన పని పక్కన పెట్టడం ఇవన్నీ ఖర్చులే. మనకు కలిగిన లాభం చివరన ఒక్క ముక్కలో రాస్తే చాలు. రోజుకు మూడు నాలుగు వాక్యాలకు మించవద్దు. ఒకే మనిషి గురించి పది రోజులు రాసినా పరవాలేదు గానీ, ఒకే మాట మాత్రం రెండుసార్లు రాయవద్దు. ఆ నియమం ఒక్కటీ పెట్టుకుంటే కళ్లు పగటిపూట వాటంతట అవే వెతకడం నేర్చుకుంటాయి.

రోజూ రాయాలా అంటే, మొదటి రెండు మూడు వారాలు రోజూ రాయడం అలవాటు పడడానికి మంచిది. ఆ తరువాత వారానికి ఒకటి రెండుసార్లకు తగ్గించుకోవాలని నా సలహా. సోన్యా ల్యుబోమిర్‌స్కీ బృందం ఆరు వారాల పాటు చేసిన ఒక పరీక్షలో వారానికి ఒకసారి రాసినవారికి మేలు కనిపించింది, మూడుసార్లు రాసినవారికి కనిపించలేదు. రోజూ పెట్టే నైవేద్యం ధ్యాస లేకుండా పెట్టినట్టే ఇదీ మొక్కుబడి అయిపోతుందన్నది అందులో నాకు తోచిన కారణం. నాకు ఆదివారం రాత్రి, బుధవారం రాత్రి కుదిరాయి.

రోజంతా చెడ్డగా గడిచి, రాయడానికి ఏమీ లేదనిపించే రాత్రులు ఉంటాయి. అటువంటప్పుడు బలవంతంగా మంచి వెతకవద్దు. ముందు ఆ చెడ్డనే రెండు వాక్యాల్లో ఉన్నది ఉన్నట్టు రాయండి. ఆ తరువాత, కంచంలో అన్నం ఎవరెవరి చేతుల మీదుగా వచ్చిందో వెనక్కి నడవండి. వడ్డించిన చేయి, వండిన చేయి, బియ్యం బస్తా భుజాన వేసుకుని మెట్లెక్కిన దుకాణం కుర్రవాడు, మిల్లులో ధాన్యం ఆరబోసిన కూలీలు, వాటి వెనక కోత, కలుపు, నాట్లు. బురదలో వంగి నడుం పట్టేసేదాకా నారు పెట్టిన ఆడవాళ్ల దాకా వెళితే, ఆ రోజుకు నాలుగు వాక్యాలు నిండుతాయి.

లేదని ఊహించి చూడడం

అలవాటైన మేలు కంటికి ఆనదు. దానిని మళ్లీ కనబడేలా చేయడానికి ఒక చిన్న ఉపాయం ఉంది. ఉన్నదానిని తలచుకోవడానికి బదులు, అది అసలు జరగకుండా పోయే అవకాశాలను తలచుకోవాలి. 2008లో వెలువడిన ఒక పరిశోధనలో, తమ జీవిత భాగస్వామిని ఎలా కలిశారో రాసినవారికంటే, ఎలా కలవకుండా పోయి ఉండేవారో రాసినవారు తమ బంధం పట్ల ఎక్కువ సంతోషాన్ని చెప్పారు.

నేను దీనిని నా మొదటి ఉద్యోగంతో చేసి చూశాను. పరీక్షకు దరఖాస్తు చేయడానికి గడువు చివరి రోజున డిమాండ్ డ్రాఫ్టు తీయవలసి ఉండగా, పక్క ఊరి వరకు నన్ను సైకిల్ మీద తొక్కుకుంటూ తీసుకెళ్లిన స్నేహితుడు ఆ పొద్దున వాళ్ల అమ్మమ్మగారి ఊరు వెళ్లవలసి ఉండి ఆగిపోయాడు. అతను వెళ్లి ఉంటే అన్న ఒక్క వాక్యం రాసి, దాని తరువాత ఏమేమి ఉండేవి కావో వరుసగా రాసుకుంటూ పోయాను. పేజీ సరిపోలేదు. నెలకు ఒకసారి చేస్తే చాలు ఈ అభ్యాసం, ఎక్కువ చేస్తే భయం పట్టుకుంటుంది.

ఇంట్లోవారికి చెప్పడం

ఎరగడం సగం పని, ఎరిగినట్టు వారికి తెలియజేయడం మిగతా సగం. ఇక్కడ మనకు ఒక చిక్కు ఉంది. ఇంట్లోవారికి థాంక్స్ చెబితే మనం పరాయివాళ్లమా అంటారు. ధన్యవాదాలు అంటే సభలో మాట్లాడుతున్నట్టు ఉంటుంది. మన పెద్దలు ఆ మాట లేకుండానే పని జరిపించుకున్నారు. అన్నం పెట్టిన ఇల్లాలిని అన్నదాతా సుఖీభవ అన్నారు, చెంబుడు నీళ్లిచ్చిన పిల్లవాణ్ణి చల్లగా ఉండు నాయనా అన్నారు, కష్టంలో ఆదుకున్నవారితో నీ మేలు ఈ జన్మకు మరచిపోలేను అన్నారు. ఆ ఆశీర్వచనాలు ఇప్పటికీ పెద్దవారి నోట ఇంపుగానే ఉంటాయి గానీ, భార్యాభర్తల మధ్య, అన్నదమ్ముల మధ్య రోజూ అనుకునే మాటలు కావు.

దీనికి నాకు కుదిరిన దారి, కృతజ్ఞత అన్న మాటను పూర్తిగా వదిలేసి, జరిగిన పనిని మాత్రం వారి ఎదుట వర్ణించడం. నువ్వు తెల్లవారుజామున ఐదింటికే లేచి మునిసిపల్ నీళ్లు పట్టబట్టి నేను తొమ్మిదింటి బస్సు అందుకున్నాను అని చెబితే, అందులో థాంక్స్ లేదు, అయినా చెప్పవలసినదంతా ఉంది. మీ నాన్నగారు ఆసుపత్రిలో ఉన్న పది రోజులూ నువ్వు ఆ ప్లాస్టిక్ కుర్చీలోనే కునుకు తీశావు, నేను చూశాను అని తమ్ముడు వరస అతనితో అంటే అతను తల దించుకోవచ్చు, మాట మార్చవచ్చు. మార్చనివ్వండి, మాట చేరింది. నేను చూశాను అన్న రెండు పదాల కోసం మనుషులు ఇళ్లలో ఏళ్ల తరబడి ఎదురు చూస్తుంటారని నాకు ఆలస్యంగా తెలిసింది. ముఖ్యంగా వంటింట్లో పనిచేసేవారు. పెరుగు తోడు పెట్టడం, పప్పు నానబోయడం, గ్యాసు బండ అయిపోకముందే బుక్ చేయడం వంటివి సరిగ్గా జరిగినంతకాలం ఎవరి కంటా పడవు, తప్పిన రోజు మాత్రం అందరూ చూస్తారు. అందుచేత కృతజ్ఞతను వెతకవలసిన చోటు అదే, ఏ పొరపాటూ జరగని పనుల్లో.

చెబితే ఎబ్బెట్టుగా ఉంటుందేమో అన్న జంకు అందరికీ ఉంటుంది. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ 2018లో ప్రచురించిన పరిశోధన ఈ జంకును పరీక్షించింది. కృతజ్ఞతతో ఉత్తరం రాసినవారు, అందుకున్నవారు ఇబ్బంది పడతారని ఎక్కువగా అంచనా వేశారు, వారు ఎంత ఆశ్చర్యపోతారో, ఎంత సంతోషిస్తారో తక్కువగా అంచనా వేశారు. రాసేవారు తమ మాటల పొందిక గురించి బెంగపడుతుంటే, అందుకున్నవారు అందులోని ఆప్యాయతను చూశారు. కాబట్టి భాష బాగా రాదని ఆగవద్దు.

ఉద్యోగంలో

ఈ విషయంలో నేను చేసిన పొరపాటును చెప్పకుండా సలహాలు చెప్పడం సరి కాదు. కంప్యూటర్లు ఇంకా అన్ని శాఖలకూ రాని రోజుల్లో, నేను పనిచేసిన శాఖలో మార్చి 31 ముగింపు లెక్కల్లో 1,840 రూపాయల తేడా వచ్చింది. రాత్రి ఎనిమిది దాటినా లెక్క కుదరలేదు. ఆఫీసర్లం ముగ్గురం లెడ్జర్లు తిరగేస్తుంటే, మా దఫ్తరీ, అంటే రోజువారీ వోచర్లను వరుసలో పేర్చి కట్ట కుట్టే ఉద్యోగి, ఎవరూ చెప్పకుండానే ఆ వారం కట్టలన్నీ రికార్డు గదినుంచి తెచ్చుకుని నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. దబ్బనంతో ఒక్కొక్క కట్ట కుట్టు విప్పి, ఒక్కొక్క వోచరును వేలితో తడిమి పక్కన పెట్టసాగాడు. పదిన్నరకు అతని వేలు ఒక చోట ఆగింది. జిగురు అంటి రెండు కాగితాలు ఒకటిగా అతుక్కుపోయి ఉన్నాయి. వెనకదాని మీద 1,840 ఉంది. ఇంటికి వెళ్లవచ్చు కదా అని నేను అప్పుడెప్పుడో అంటే, లెక్క తేలకపోతే నాకు నిద్ర పట్టదండీ అని అతను అన్న మాట గుర్తుంది. నేను మాత్రం హమ్మయ్య అని, సంతకాలు పెట్టి, స్కూటరెక్కి వెళ్లిపోయాను. విప్పిన కట్టలన్నీ మళ్లీ కుట్టి అతను ఎన్నింటికి వెళ్లాడో నేను అడగలేదు. పైఆఫీసుకు పంపిన నివేదికలో లెక్కలు సకాలంలో ముగించినట్టు రాశాను, అందులో అతని పేరు లేదు. కొన్నేళ్లకు అతని పదవీ విరమణ సభలో శాలువా కప్పి, వీరి సేవలు మరువలేనివి అన్నాను. ఏ సేవ అని ఎవరైనా అడిగి ఉంటే ఒక్కటైనా చెప్పగలిగేవాణ్ణి, కానీ చెప్పలేదు.

ఆ సభలోనుంచే నా సాధన మొదలైంది. తరువాతి సంవత్సరాల్లో నేను పాటించినవి ఇవి. మెచ్చుకోలు పని జరిగిన రోజునే, ఆలస్యమైతే మరుసటి ఉదయమే చెప్పేవాణ్ణి; సంవత్సరాంత సమీక్షకు దాచుకున్న మెచ్చుకోలు చద్దన్నం కన్నా అధ్వానంగా ఉంటుంది. బాగా చేశావు అని కాకుండా, క్యూలో ఉన్న పింఛనుదారు అదే ప్రశ్న మూడోసారి అడిగినా నువ్వు కుర్చీలోనుంచి లేచి కౌంటరు బయటకు వచ్చి ఫారం నింపి పెట్టావు అని చెప్పేవాణ్ణి. ఆ మాటతో ఆ క్లర్కుకు తాను చేసినది ఎవరో చూశారని తెలుస్తుంది, దేనిని మళ్లీ చేయాలో కూడా తెలుస్తుంది. పైఅధికారికి రాసే ప్రతి నివేదికలోనూ పని ఎవరు చేశారో పేరుతో రాయడం నియమంగా పెట్టుకున్నాను. చేసినవారికి నేరుగా చెప్పిన మాటకన్నా, వారి పైవారి ముందు వారి పేరు చెప్పడం ఉద్యోగంలో ఎక్కువ విలువైనది, ఎందుకంటే అక్కడ అది వారి బదిలీకి, పదోన్నతికి, పరువుకు పనికివస్తుంది.

మరొక జాగ్రత్త కూడా ఉంది. కృతజ్ఞత చెప్పిన వాక్యానికి కొత్త పని తగిలించవద్దు. నిన్న చాలా సాయం చేశావు, ఈ శనివారం కూడా రాగలవా అంటే మొదటి భాగం ఎరగా మారిపోతుంది. ఆ తరువాత మీరు నిజంగా మెచ్చుకున్నా వారు రెండో భాగం కోసం ఎదురుచూస్తారు. పని అడగవలసి ఉంటే మరునాడు అడగండి. నలుగురిలో మెచ్చుకుంటే ముడుచుకుపోయేవారు ఉంటారు, వారికి చిన్న చీటీ రాసి ఇవ్వండి. మీరు అధికారి కాకపోయినా ఇదంతా మీకూ వర్తిస్తుంది. పక్క సీటువారికీ, పై అధికారికీ కూడా ఈ మాట కరవే. మంచి అధికారి ఒక తప్పును మీ మీద పడకుండా తన మీద వేసుకున్న రోజును గుర్తించి చెప్పడం పొగడ్త కిందికి రాదు, అది జరిగిన సంగతి.

ఇక జీతాల పట్టికలో మన సంస్థ పేరు కింద కనబడని మనుషులు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. మనం వచ్చేసరికి నేల తుడిచి వెళ్లిపోయే ఆమె, రాత్రి కాపలా ఉండే గార్డు, క్యాంటీనులో గ్లాసులు కడిగే కుర్రవాడు. వారిలో ఎందరి పేర్లు మనకు తెలుసు అన్నది మొదట పరీక్షించుకోవలసిన విషయం. పేరు తెలియని మనిషికి కృతజ్ఞత చెప్పడం కష్టం. ఈ వారం ఒకరి పేరు అడిగి, గారు చేర్చి పిలవడంతో మొదలుపెట్టండి.

కృతజ్ఞతను వాడుకోనివ్వకూడని చోట్లు

ఉప్పు తిన్న విశ్వాసం అనే మాట మనలో ఉంది. అది మంచి మాటే అయినా, దానిని అడ్డం పెట్టుకుని మనిషిని అణచినవారూ ఉన్నారు. ఉద్యోగం ఇచ్చాం కదా, జీతం రెండు నెలలు ఆలస్యమైతే ఏమిటి అనే యజమాని కృతజ్ఞతను అడగడం లేదు, హక్కును వదులుకోమంటున్నాడు. పనికి తగిన జీతం మేలు కాదు, బాకీ. మెచ్చుకోలు జీతం పెంపునకు బదులు కాదు. పొగడ్తతో సరిపెట్టే సంస్థలో నా ఈ సలహాలేవీ పనిచేయవు, ఆ మాటలు కూడా విలువ పోగొట్టుకుంటాయి.

ఇంట్లోనూ అంతే. కొట్టే భర్తలో మంచి వెతికి పుస్తకంలో రాసుకొమ్మని ఏ ఆడపిల్లకూ ఎవరూ చెప్పకూడదు. నిన్ను కని పెంచాం అని ప్రతి నిర్ణయానికీ గుర్తుచేసే తల్లిదండ్రులు పిల్లల్లో కృతజ్ఞతను పెంచరు, రుణభారాన్ని పెంచుతారు. ఈ రెండింటికీ తేడా గమనించండి. రుణం తీర్చవలసినది, తీరేదాకా తల ఎత్తనివ్వనిది. కృతజ్ఞత ఎరిగి ఉండవలసినది, ఎరిగినకొద్దీ మనిషి తేలికపడి ఇంకొకరికి చేయబోతాడు. మీ సాధనలో మనసు బరువెక్కుతూ ఉంటే, ఎవరి మేలు తలచుకున్నా తప్పు చేసినట్టు అనిపిస్తూ ఉంటే, మీరు రాస్తున్నది బాకీల పద్దు అయి ఉండవచ్చు. కొన్నాళ్లు ఆపి, తిరిగి ఏమీ ఆశించనివారి మేళ్లతో మళ్లీ మొదలుపెట్టండి.

పిల్లలతో

చిన్నపిల్లలను తాతగారికి థాంక్స్ చెప్పు అని భుజం గిల్లడం వల్ల మాట వస్తుంది, ఎరుక రాదు. వారికి పని చూపించాలి. సంక్రాంతి మూడో రోజు కనుమనాడు పశువులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, పొంగలి పెట్టడం, దసరాకు డ్రైవర్లూ మెకానిక్కులూ తమ బండ్లనూ పనిముట్లనూ తుడిచి బొట్టు పెట్టి పూజించడం మనకు ఉన్న చక్కటి పాఠాలు. సంవత్సరమంతా మనకోసం పనిచేసినదానిని ఒక రోజు కూర్చోబెట్టి మనం దానికోసం పనిచేయడం అందులో ఉంది. పొలం లేని ఇంట్లో కూడా ఆ రోజు పిల్లలతో అమ్మమ్మ కుట్టుమిషన్‌కు నూనె వేయించవచ్చు, ఆ మిషన్ మీద ఎవరి బట్టలు కుట్టారో ఆవిడ చేత చెప్పించవచ్చు.

ఉత్తరం

అన్నిటికన్నా గట్టి సాధన ఇది, సంవత్సరానికి ఒక్కసారి చేసినా చాలు. సెలిగ్మన్ బృందం పరీక్షించిన వాటిలో కూడా, ఎన్నడూ సరిగా కృతజ్ఞత చెప్పని ఒకరికి ఉత్తరం రాసి స్వయంగా తీసుకెళ్లి వినిపించడం ఒక నెల వరకు అన్నిటికన్నా ఎక్కువ ప్రభావం చూపింది. ఒక పేజీ చాలు. వారు చేసిన ఒకే ఒక్క పనిని, ఆ రోజు వాతావరణంతో సహా, మీకు గుర్తున్నంత వివరంగా రాయండి. ఆ పనివల్ల మీ బ్రతుకు ఇవాళ ఎక్కడ ఉన్నదో చివరి పేరాలో రాయండి. వాట్సాప్‌లో పంపకండి. వెళ్లగలిగితే వెళ్లండి, పళ్లో పూలో పట్టుకుని. దూరాన ఉంటే ఫోనులో చదివి వినిపించి, ఆ తరువాత కాగితం పోస్టులో వేయండి. చదువుతున్నప్పుడు వారు మధ్యలో అయ్యో, అదేముంది అని ఆపబోతారు. ఆగకండి, చివరి వరకూ చదవండి.

నేను మా దఫ్తరీకి ఉత్తరం రాయాలని కూర్చునేసరికి ఆయన పోయి రెండేళ్లయింది. ఆ సంగతి కూడా నాకు అప్పుడే తెలిసింది. రాసినదానిని చింపకుండా పట్టుకుని, వారి ఊరు వెళ్లి, ఆయన కూతురికి చదివి వినిపించాను. నేల మీద కూర్చోవడం, దబ్బనం, జిగురంటిన కాగితాలు, 1,840 రూపాయలు అన్నీ అందులో ఉన్నాయి. ఆ రాత్రి నాన్న ఒంటిగంటకు వచ్చాడని, ఎందుకు ఆలస్యమని అమ్మ అడిగితే పని ఉందన్నాడే గాని ఏం పనో చెప్పలేదని ఆమె అంది. ఆమెకు అప్పుడు పన్నెండేళ్లట. ఒంటిగంట అన్న మాట నేను మొదటిసారి వినడం అదే. ఉత్తరం ఆమె తీసుకుని, బీరువాలో ఆయన కళ్లజోడు ఉన్న పెట్టెలో పెట్టుకుంది.